ఎనిమిదో ఇంటి గోడ

సభకు పెద్దగా కూర్చున్న హెడ్‌మాస్టరు గారికి, ఆ పూలగుత్తిని ఎక్కడ పెట్టాలో తెలియక ఇందాకటి నుంచి ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్న మా అక్కకి, అక్కతో కలిసి పని చేసిన టీచర్లకి, ముందు వరసలో ఉన్న మా వీధి పెద్దలకి, కుర్చీలు చాలక గోడ వారగా నిలబడ్డ పిల్లలకి నమస్కారం.

నాకు మైకు కొత్త. ఆసుపత్రిలో బట్టల గదిలో పని నాది. ఉతికి వచ్చిన దుప్పట్లు మడతపెట్టి వార్డులకి పంపుతుంటాను. ముప్ఫై ఏళ్లుగా అదే పని. దుప్పట్లతో మాట్లాడేదేమీ ఉండదు కాబట్టి గొంతు పెంచే అలవాటు తప్పింది. వెనక వాళ్లకి వినపడకపోతే చెయ్యెత్తండి. (వెనక ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు. నవ్వులు.) ఇంకా ఏమీ చెప్పనేలేదు నాయనా, అప్పుడే వినపడడం మానేసిందా?

వీధి తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలని పోయిన వారం అనుకున్నప్పుడు, "నువ్వే మాట్లాడమ్మా, చిన్నప్పుడు అక్క తోకవి కదా" అన్నారు అందరూ. నేను కాదంటానని, బతిమాలాల్సి వస్తుందని అనుకున్నారు. అడిగిన వెంటనే సరేనన్నాను. దానికి కారణం ఉంది. అక్కని పొగడడానికి నాకంటే చదువుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు, ఇప్పటికే చక్కగా పొగిడారు కూడా. నేను వచ్చింది ఒక తప్పు ఒప్పుకోవడానికి. నలభై ఒక్క ఏళ్ల నాటి తప్పు. అక్క రేపటి నుంచి బడికి రాదు, ఇంతమంది మళ్లీ ఒకచోట చేరరు, ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పలేను. నేరుగా అక్కడికే పరుగెత్తమంటే నాకు ఆయాసం వస్తుంది, మెల్లగా నడుచుకుంటూ వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

అక్కా, ఇందాకటి నుంచి అందరూ నిన్ను 'మీరు' అంటున్నారు. నాకు నోరు తిరగదు. నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు.

ఈ బడి వెనక సందులో మావి తొమ్మిది ఇళ్లు. ఒకదాన్నొకటి ఆనుకుని, రెండిళ్లకి నడుమ ఒకటే గోడ. ఒకింట్లో దగ్గితే పక్కింట్లో మందుసీసా వెతికేవాళ్లు. మొదటి ఇల్లు రొట్టెల బాబాయిది, అదిగో ముందు వరసలో చేతికర్ర పట్టుకుని కూర్చున్నారే, ఆయనదే. బట్టీ ఇంటి వెనకే ఉండేది. మాది ఎనిమిదో ఇల్లు. చివరిది, తొమ్మిదోది, అక్కది. అక్కకి తల్లి లేదు. తండ్రి మిల్లులో రాత్రి కాపలాకి వెళ్లి తెల్లవారి ఆరింటికి వచ్చేవారు. మా ఇంట్లో నేను, అమ్మ, నాయనమ్మ. నాన్న లారీ మీద వెళితే పది రోజులకి గాని కనపడేవారు కాదు.

మా వీధిలో పిల్లలు పద్నాలుగుమంది, మంచి బూట్లు మాత్రం ఒక్కటే జత. ఇది ఇప్పటి పిల్లలు నమ్మరు. నల్ల బూట్లు, ఎవరు కొన్నారో ఎవరికీ గుర్తులేదు. బడిలో ఎవరు వేదిక ఎక్కాల్సి వస్తే వాళ్లకి ఇచ్చేవాళ్లు. పెద్ద పిల్లలు వేళ్లు ముడుచుకుని తొడుక్కునేవాళ్లు, చిన్నవాళ్లు ముందు కాగితాలు కుక్కుకునేవాళ్లు. ఒకసారి ఒక పిల్లవాడు పద్యం చెబుతూ చెబుతూ ఊపు మీద ఒక అడుగు ముందుకేస్తే, కాలు వచ్చింది గాని బూటు రాలేదు. ఒంటి బూటుతోనే పద్యం పూర్తి చేసి, నమస్కారం పెట్టి దిగాడు. అతను ఆరో ఇంటి వాడు. ఇవాళ సభకు పెద్దగా కూర్చున్నాడు కాబట్టి ఎవరో చెప్పడం మర్యాద కాదు. (పెద్దగా నవ్వులు. హెడ్‌మాస్టరు గారు లేచి తన కాళ్లు చూపించారు. మళ్లీ నవ్వులు.) చూశాను సార్, ఇప్పుడు సరిపోయినట్టే ఉన్నాయి.

ఆ పద్నాలుగుమందిని బడికి వరసగా తీసుకెళ్లేది అక్క. సాయంత్రం తన అరుగు మీద కూర్చోబెట్టి చదివించేదీ అక్కే. అప్పటికి తనకీ పదహారు, పదిహేడేళ్లు. చదువంటే ఎక్కాలూ పాఠాలూ మాత్రమే అనుకోకండి. ఇంటి కప్పు మీద ఒక డబ్బా పెట్టి, వాన వెలిసిన ప్రతిసారీ అందులో స్కేలు ముంచి ఎంత పడిందో గోడ మీద రాయించేది. మబ్బుని చూపించి, ఇది కురిసేదా ఉత్తిదా చెప్పమనేది. మా అమ్మ బట్టలు ఆరేసే ముందు, "ఏమ్మా, ఇవాళ ఆరేయనా వద్దా?" అని అక్కని అడిగి గాని తీగ కట్టేది కాదు. ఒక్కసారే తప్పింది అక్క మాట. ఆ రోజు తడిసినవన్నీ మా అమ్మ అక్క అరుగు మీదే పిండింది.

నేను అక్కని అంటిపెట్టుకుని ఉండేదాన్ని. తన పైట కొస నా వేలికి చుట్టుకుని నడిచేదాన్ని. "ఒసేయ్, కాస్త గాలి ఆడనియ్యవే" అనేది. ఆ మాట వింటే నాకు ముద్దు పెట్టుకున్నట్టుండేది.

ఇక గోడ సంగతి. మా వీధిలో ఎవరికీ అలారం గడియారం లేదు. అవసరం లేదు. రొట్టెల బాబాయి నాలుగింటికి బట్టీ రాజేసేవారు. మొదటి వాయ లోపల పెట్టగానే పిన్ని చెక్క గరిటెతో రెండో ఇంటి గోడ మీద రెండుసార్లు తట్టేది. లేచినవాళ్లు 'లేచాం' అని బదులుగా ఒకసారి తట్టి, అవతలి గోడ మీద మూడో ఇంటికి తట్టేవాళ్లు. అలా ఒకరి నుంచి ఒకరికి తొమ్మిదో ఇంటి దాకా వెళ్లేది. టైలరు మామయ్య కత్తెర పిడితో తట్టేవాడు. ఏడో ఇంటి బస్సు డ్రైవరు పిడికిలితో గుద్దితే మా ఇంట్లో అద్దం వణికేది. మా ఇంట్లో ఆ పని నాయనమ్మది. చెంబు అడుగుతో మెత్తగా, పసిబిడ్డ వీపు తట్టినట్టు తట్టేది. ఆ చోట గోడ సున్నం రూపాయంత మేర ఊడి ఉండేది. లేవగానే ముఖం కడుక్కుని, దేవుణ్ణి తలుచుకుని, తర్వాత గోడ దగ్గరికి వెళ్లేది. "నిద్ర లేపడం కూడా ఒక పూజేనే. కోపంగా లేపితే వాళ్ల రోజంతా కోపంగా గడుస్తుంది" అనేది నాతో.

మా వీధి వాళ్లకి ఇక్కడే ఒక మాట గుర్తొస్తుంది. ఎవరైనా ఏదైనా మరిచిపోతే మేం ఏమంటాం? (ముందు వరస నుంచి రొట్టెల బాబాయి: "ఎనిమిదో ఇల్లయింది!" నవ్వులు.) అదే. కూరలో ఉప్పు మరిచిపోతే 'ఎనిమిదో ఇల్లయింది', తాళంచెవి మరిచిపోతే 'ఎనిమిదో ఇల్లయింది'. నిన్నగాక మొన్న ఒక చిన్నపిల్ల హోంవర్క్ మరిచిపోయి అదే మాట అంటుంటే విన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో దానికి తెలియదు. నాకు తెలుసు. ఇన్నేళ్లూ మీరు నవ్వినప్పుడల్లా నేనూ నవ్వాను.

నాకు తొమ్మిదో ఏడు. అక్కకి పంతొమ్మిది. అక్కకి వాతావరణ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఉన్న నగరంలో, ఫలానా రోజు పది గంటలకి ఇంటర్వ్యూకి రావాలని. రోజంతా మబ్బుల్నీ వాననీ చూసి రాసుకునే ఉద్యోగం! ఆ ఉత్తరం వీధిలో తొమ్మిది ఇళ్లూ తిరిగింది. తిరిగి అక్క చేతికి వచ్చేసరికి దాని మీద నూనె మరకలు, పిండి మరకలు. దొరికితే అక్కడే హాస్టల్లో ఉండాలి. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించినట్టే మొహం పెట్టాను.

బస్సు ఉదయం ఐదింటికి. ముందు రోజు సాయంత్రం అక్క అందరికీ చెప్పింది: "రేపు ఎవ్వరూ బయటికి రావద్దు. మిమ్మల్నందర్నీ చూస్తే ఏడుస్తాను, ఏడుపు మొహంతో ఇంటర్వ్యూకి వెళ్లలేను. గోడ తట్టి లేపండి చాలు, చప్పుడు చేయకుండా వెళ్లిపోతాను." బాబాయి మాత్రం ఊరుకోకుండా, దారిలో తినమని రొట్టెల పొట్లం ఒకటి రాత్రే అక్క కిటికీలో పెట్టి వచ్చారు.

ఆ రాత్రి నాయనమ్మకి జ్వరం తగిలింది. అమ్మ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉంది. నాలుగు దాటాక ఏడో ఇంటి నుంచి గోడ మోగింది. నాయనమ్మ ముందు గదిలో నిండా దుప్పటి కప్పుకుని పడుకుని, "లేవలేకపోతున్నానే తల్లీ. నువ్వెళ్లి డ్రైవరుకి బదులు తట్టి, అటు అక్కని లేపు. మెత్తగా తట్టు" అంది.

నేను వెళ్లాను. డ్రైవరు గోడకి ఒకసారి బదులు తట్టాను. చెంబు పట్టుకుని ఇటు గోడ దగ్గరికి వచ్చాను. సున్నం ఊడిన చోట చెయ్యి పెట్టాను. అవతల అక్క నిద్రపోతోంది. లేవకపోతే వెళ్లదు కదా అనుకున్నాను. అంతే. అంతకంటే పెద్ద ఆలోచనేమీ లేదు, తొమ్మిదేళ్ల బుర్ర. చెంబు కింద పెట్టేసి వచ్చాను.

"తట్టావా?" అంది నాయనమ్మ.

"తట్టాను."

"బదులొచ్చిందా?"

"వచ్చింది నాయనమ్మా."

(హెడ్‌మాస్టరు గారు లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపారు.)

కాసిని మంచినీళ్లు ఇస్తారా? ... వద్దు సార్, కూర్చోను. కూర్చుంటే మళ్లీ లేవలేను.

ఆరింటికి అక్క తండ్రి డ్యూటీ దిగి వచ్చారు. కిటికీలో రొట్టెల పొట్లం పొట్లంలాగే ఉంది. తలుపు లోపల గడియ వేసి ఉంది. ఆయన తలుపు బాదితే అక్క జుట్టు విరబోసుకుని బయటికి వచ్చి, ఆకాశం వైపు చూసి, "ఎండ వచ్చేసిందేంటి నాన్నా?" అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినపడుతూ ఉంటుంది. తర్వాతి బస్సు తొమ్మిదింటికి. అయినా వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చింది. ఉద్యోగం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారట.

అక్క బస్సెక్కాక వీధంతా మా ఇంటి ముందు చేరింది. ఎక్కడ తెగింది, ఎవరు తట్టలేదు అని ఒక్కో ఇల్లూ లెక్క చూసుకుంటూ వచ్చారు. డ్రైవరు, "నేను గుద్దాను, ఎనిమిదో ఇంటి నుంచి బదులొచ్చింది" అన్నాడు. అందరూ నాయనమ్మ వైపు చూశారు. నాయనమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆవిడకి అప్పుడే అంతా అర్థమైంది. దుప్పటి భుజాల మీదికి లాక్కుని, "నేనేనమ్మా. జ్వరం మగతలో అటు తట్టడం మరిచిపోయాను. పాపిష్టిదాన్ని" అంది. అబద్ధమాడితే అన్నం సహించని మనిషి.

ఎవరూ కోప్పడలేదు. అదే నేను తట్టుకోలేకపోయింది. మర్నాడు వీధి పెద్దలు వచ్చి ఎంతో ప్రేమగా, "పెద్దదానివైపోయావు, ఇక నువ్వు హాయిగా పడుకో పెద్దమ్మా. అక్క కిటికీ దగ్గరికి డ్రైవరే వెళ్లి పిలుస్తాడు" అన్నారు. ఆవిడ ఇంకా ఆరేళ్లు బతికింది. ఆ ఆరేళ్లూ నాలుగు కొట్టేసరికి లేచి, ముఖం కడుక్కుని, దేవుణ్ణి తలుచుకుని, ఆ గోడ పక్కన కూర్చునేది. చెయ్యి గోడ మీద ఉండేది, తట్టేది కాదు. వీధిలో పిల్లలు 'ఎనిమిదో ఇల్లయింది' అని నవ్వుకుంటూ పోతుంటే విని తనూ నవ్వేది.

పద్నాలుగో ఏట ఒకసారి ధైర్యం చేసి ఆవిడ దగ్గరే మొదలుపెట్టాను. "నాయనమ్మా, ఆ రోజు..." అన్నానో లేదో, నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "నాకెందుకే చెప్తావు, నాకు తెలియందా? చెప్పాల్సిన చోట చెప్పు" అంది. చెప్పాల్సిన చోటు పక్కిల్లే. పది అడుగులు. నేను వెళ్లలేదు. దేవుడితో మాత్రం ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. ఆయనతో చెప్పుకోవడం సులువు, ఎదురు ప్రశ్న వేయడు.

ఆ తర్వాత సంగతి మీకందరికీ తెలిసిందే. కొన్ని నెలలకి ఈ బడిలో ఒక టీచరు సెలవు పెడితే, ఆమె చోట అక్కని తాత్కాలికంగా తీసుకున్నారు. ఆ తాత్కాలికం నలభై ఏళ్లయింది. పని చేస్తూనే పరీక్షలు రాసుకుంది. ఇందాక మాట్లాడిన పెద్దలు, అక్క ఇక్కడికి రావడం ఈ బడి అదృష్టం అన్నారు. నిజమే. నా ఇద్దరు పిల్లలూ అక్క చేతి కిందే చదువుకున్నారు. అందుకే ఇంకా ఎక్కువ భయం నాకు. 'అంతా మన మంచికే జరిగింది' అనుకుని తప్పించుకోవడం ఎంత తేలికో నాకు తెలుసు, చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. మంచి జరిగింది మనకి. అక్క ఏం పోగొట్టుకుందో మనం అడగలేదు.

ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పొచ్చు కదా, సభలో ఎందుకు అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ మా నాయనమ్మ మీద ఆ నింద వీధంతా చూస్తుండగా పడింది. చాటుగా తీస్తే అది పోదు. అందుకని అందరి ముందూ చెబుతున్నాను. ఆ రోజు మా నాయనమ్మ ఏమీ మరిచిపోలేదు. జ్వరంలో కూడా రెండుసార్లు అడిగింది. తట్టనిది నేను. ఆ మాట ఇక అనకండి. అలవాటు పోక నోటికొస్తే, మరుపు అని మాత్రం అనుకోకండి. అది మరుపు కాదు.

(రొట్టెల బాబాయి చేతికర్ర ఊతగా లేచి నిలబడి: "ఇక పడుకో పెద్దమ్మా అని ఆ మాట అంది నేనే తల్లీ. నా నోటితోనే అన్నాను. ఆ సామెత కట్టిందీ నేనే.")

మీరు కూర్చోండి బాబాయ్. మీరు ప్రేమతో అన్నారు. ఆవిడకీ తెలుసు.

అక్కా, ఇక నీతో. క్షమించమని అడగడానికి నాలుగు వాక్యాలు రాసుకుని వచ్చాను. కాగితం చేతిలోనే ఉంది గాని అక్షరాలు కనపడడం లేదు.

(టీచరు గారు పూలగుత్తి పక్క కుర్చీలో పెట్టి, కూర్చున్న చోటి నుంచే: "ఆగవే. నాకు నిద్రలోనే గోడకి బదులు తట్టి మళ్లీ ముసుగు తన్నే అలవాటుండేది, నీకు తెలుసా? అప్పటికి రెండుసార్లు అలా బడికి ఆలస్యంగా వెళ్లాను. ఆ రోజు కూడా అదే చేశాననుకున్నాను. మామ్మ తట్టే ఉంటుంది, నా పరువు పోకుండా మరిచిపోయానని తన మీద వేసుకుంటోంది అనుకున్నాను. నా మొద్దునిద్ర వల్ల పెద్దావిడకి ఆ మాట వచ్చిందని నలభై ఏళ్లు... రోజూ సాయంత్రం మీ ఇంటికి వచ్చి ఆవిడకి ప్రార్థన పుస్తకం చదివి వినిపించేదాన్ని చూడు, అది అందుకే. ఒక్కరోజైనా అడుగుదామనుకునేదాన్ని. నోరు రాలేదు.")

... ఇది నాకు తెలియదు.

అక్క రోజూ వచ్చి చదువుతుంటే, నాయనమ్మ చూపు తగ్గింది కాబట్టి జాలిపడి వస్తోందనుకున్నాను. నేను ఆ పక్కనే కూర్చుని బట్టలు మడతపెట్టేదాన్ని. ఒకే గదిలో ముగ్గురం, ముగ్గురమూ ఒక్క విషయమే దాచుకుని కూర్చున్నాం. అబద్ధం మొదలుపెట్టింది నేనొక్కదాన్ని. మోసింది ముగ్గురం.

(టీచరు గారు: "ఇంకొక మాట కూడా విను. ఆ ఉద్యోగం నాకు చాలా ఇష్టంగా ఉండేది. లేదని ఇంతమందిలో అబద్ధం చెప్పను. ఈ పిల్లలంటే ఇష్టం లేక కాదు, అదీ ఉండేది, ఇదీ ఉంది. సరే, ఇప్పుడు కళ్లు తుడుచుకో. సాయంత్రం ఇంటికి రా.")

విన్నారు కదా. క్షమించానని అనలేదు. నేనూ ఇక్కడ అడగను.

అయితే అక్క దగ్గర చదువుకున్నవాళ్లందరికీ ఆ చివరి మాట తెలుసు. (వెనక నుంచి నవ్వులు.) చూశారా, వాళ్లకి తెలుసు. అక్క తప్పు చేసిన పిల్లల్ని క్లాసులో ఎప్పుడూ తిట్టలేదు. 'సాయంత్రం ఇంటికి రా' అనేది. ఆ మాట వింటే సాయంత్రం దాకా ఆటలు కూడా గుర్తొచ్చేవి కాదని నా పిల్లలే చెప్పేవారు. వెళితే ఎదురుగా కూర్చోబెట్టి, ఏం చేశావో మొదటి నుంచి చెప్పమనేది. చెప్పింది సరిపోకపోతే మళ్లీ మొదటి నుంచి. కానీ అక్క ఇంటికి అలా వెళ్లి, భోజనం చేయకుండా తిరిగొచ్చిన పిల్లని గాని పిల్లాణ్ణి గాని ఈ వీధి ఎరగదు. తొమ్మిదో ఏట రావలసిన పిలుపు నాకు యాభయ్యో ఏట వచ్చింది.

ఇంతసేపు ఈ చిన్న గొంతుని ఓపికగా విన్నందుకు పెద్దలకి, మైకు ఇచ్చి వెనక్కి లాక్కోనందుకు హెడ్‌మాస్టరు గారికి, నిలబడి నిలబడి కాళ్లు నొప్పెట్టినా కదలని పిల్లలకి ధన్యవాదాలు. అక్కకి ఆ భగవంతుడు మంచి ఆరోగ్యం ఇవ్వాలని కోరుకుంటున్నాను. నేను త్వరగా బయలుదేరాలి, ఈ పూట భోజనానికి నా కోసం చూడొద్దని ఇంట్లో చెప్పి రావాలి.

సెలవు.